పావురాల చెయ్యి

ఏప్రిల్ 9, బుధవారం

అమ్మకి కడుపు చెడింది. దుప్పట్లన్నీ తడిసి తీగ మీదికెక్కాయి. మధ్యాహ్నానికి పరవడానికి మిగిలింది అతిథుల కోసం దాచిన పట్టుపరుపు ఒక్కటే. అదే పరిచాను. ఈ ఇంట్లో అమ్మని మించిన అతిథి ఎవరున్నారు గనక.

ఇది అక్క సంబుసాల పనే, అనుమానం లేదు. ఎనభై దాటిన మనిషికి గొర్రె కొవ్వు దట్టించిన సంబుసాలు ఎవరైనా తెస్తారా? చెప్తే వినదు. "నా సంబుసా తిని చచ్చినవాళ్ళు ఖుజంద్ ఊళ్ళో లేర్రా నుస్రత్" అంటుంది. సవ్రినిసో అక్కతో వాదించడం కంటే ఎత్తులో ఆగిపోయిన ట్రాలీబస్సుని ఒక్కడే తోసుకోవడం నయం.

నల్లతోక ఆడపావురాన్ని గద్ద ఎత్తుకుపోయింది. దాని పిల్లలు రెండూ గూట్లో నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. తండ్రి పక్షి ఎప్పుడో, మా వీధిలో పావురాలు పెంచే మిర్జోరహ్మత్ గుంపులో కలిసిపోయింది, సిగ్గులేనిది. రొట్టె నమిలి, నోట్లోనే నీళ్ళు కలిపి, వాటి ముక్కుల్ని నా పెదాల మధ్య పెట్టుకుని పట్టాను. నాన్న నేర్పిన పద్ధతి. ఇంకో రెండు వారాలు ఇదే పని.

మధ్యలో అమ్మ పిలిచింది. కప్పు మీద నుంచి దిగి వెళ్ళి, టీలో నానిన రొట్టె తినిపించాను.

ఏప్రిల్ 10, గురువారం

అదే వరస. సబ్బు అయిపోయింది.

ఏప్రిల్ 12, శనివారం

రక్తం పడింది. అక్కకి ఫోన్ చేస్తే ముందు నన్ను తిట్టి, తరవాత ఏడ్చి, ఆ తరవాత బండి తెచ్చింది. అంటువ్యాధుల ఆసుపత్రిలో చేర్చాం. అమ్మ బండిలో అంత నీరసంలో కూడా "పొయ్యి మీద పాలున్నాయి, దించావా?" అంది. దించలేదు. ఇంటికొచ్చేసరికి గిన్నె మాడి నల్లగా అయింది.

పిల్లలు రెండూ క్షేమం. కళ్ళు తేటగా ఉన్నాయి.

ఏప్రిల్ 16, బుధవారం

డాక్టరు పేరు మునీరా. నేను ట్రాలీబస్సు నడిపిన రోజుల్లో నా బస్సులో బడికెళ్ళిన పిల్లల ఈడుంటుంది. పరీక్షలో తేలిందట, కాంపైలోబ్యాక్టర్ అంది. నాకు నోరు తిరగలేదు. అది పక్షుల పేగుల్లో హాయిగా బతికే క్రిమి అట. పక్షికి ఏ బాధా ఉండదు, మనిషి కడుపులో పడితేనే పేగుల్ని పుండు చేస్తుందట.

"ఇంట్లో కోళ్ళున్నాయా, బాబాయిగారూ?" అని అడిగింది.

"లేవమ్మా."

నిజమే చెప్పాను. ఆమె అడిగింది కోళ్ళ గురించి.

అక్క ఊరుకుంటుందా! "కోళ్ళెందుకు డాక్టరమ్మా, వీడి ఇంటి కప్పు మీద పావురాల సంతే ఉంది. తెల్లారితే వాటి నోట్లో నోరు పెట్టి మేపుతాడు. పోయిన మా మరదలికి అందులో సగం చేసుంటే ఇంకో పదేళ్ళు బతికేది" అంది.

ఆ మాట అనాల్సిన అవసరం లేదు.

డాక్టరు నన్నే చూస్తూ, "అమ్మగారికి తిండి ఎవరు పెడతారు?" అంది.

"నేనే. చలికాలం నుంచి ఆవిడ చేతులు వణుకుతున్నాయి."

"చెంచాతోనా?"

"పలావు చెంచాతో పెట్టడానికి మా అమ్మేమైనా పరాయిదా? చేత్తో మెత్తగా నలిపి ముద్ద చేసి నోట్లో పెడతాను. మన పెద్దలకి మనం చేసే మర్యాద అది. మీ ఇంట్లో చేయరా?"

"చేస్తాం. మా ఇంట్లో పావురాలు లేవు."

నాకు ఒళ్ళు మండింది. పావురాల వల్లే అయితే ముందు పోవాల్సింది నేను కదా, ఊహ తెలిసినప్పటి నుంచి వాటి ముక్కులు నా నోట్లోనే ఉన్నాయి, నాకెప్పుడైనా కడుపునొప్పి వచ్చిందా అని అడిగాను. మీ ఒంటికి అది అలవాటైపోయింది, ఆవిడ ఒంటికి ఇక ఏదీ అలవాటు కాదు అంది. ఇంకోసారి వస్తే తట్టుకోలేరు అని కూడా అంది. మెల్లగానే చెప్పింది. గట్టిగా చెప్పి ఉంటే నేనూ గట్టిగా ఏదో ఒకటి అనేవాణ్ణి.

వరండాలో అక్క నా చొక్కా పట్టుకుంది. "పావురాలా, అమ్మా? తేల్చుకో. వాటిని వదలకపోతే అమ్మని నా ఇంటికి తీసుకుపోతా."

లోపలి నుంచి అమ్మ గొంతు. "నేను నీ నాలుగో అంతస్తు ఎక్కను. ఎక్కితే మళ్ళీ పాడె మీదే దిగుతాను."

చెవుడు అని అందరూ అనుకుంటాం గానీ కావాల్సింది వినపడుతుంది.

ఏప్రిల్ 19, శనివారం

పావురాల్ని మిర్జోరహ్మత్‌కి ఇచ్చేశాను.

నలభై ఏళ్ళుగా నా పక్షుల్ని ఆశపెట్టి తన కప్పు మీదికి దింపుకోవాలని చూసినవాడు. ఇవాళ బుట్టల్లో మోసుకెళ్ళి నేనే ఇచ్చాను. ఎగిరొచ్చేయకుండా రెక్కలకి దారం చుట్టాడు. "పావురాలవాడి సాక్ష్యం ఖాజీ కూడా ఒప్పుకోడు. నీ మాట ఎలా నమ్మేది? రేపొచ్చి నావి నాకిచ్చెయ్ అంటే?" అన్నాడు. అననని ఒట్టు పెట్టాను.

గూడు కడిగి సున్నం వేశాను. అక్క వచ్చి, నిచ్చెనెక్కి, కళ్ళారా చూసుకుంది. కిందికి దిగి నా తల నిమిరింది. "నా బంగారు తమ్ముడు" అంది. అరవై ఏళ్ళవాణ్ణి.

కప్పు మీద ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

అమ్మ ఇంటికొచ్చింది. గడప దాటగానే పైకి చూసింది. టీ తాగింది. బట్టలు పొడిగానే ఉన్నాయి.

ఏప్రిల్ 22, మంగళవారం

రొట్టెకి వెళ్ళొచ్చాను. మిర్జోరహ్మత్ ఇల్లు దారిలోనే. పక్కనే ఉంది కదా అని తొంగిచూశాను.

ఏప్రిల్ 23, బుధవారం

రొట్టెకి వెళ్ళొచ్చాను.

ఏప్రిల్ 24, గురువారం

రొట్టెకి వెళ్ళొచ్చాను. సాయంత్రం ఇంకోసారి.

నల్లతోక పిల్లలు మిర్జోరహ్మత్ నోటి నుంచి తినడం లేదు. వాడు పొగాకు నములుతాడు, అందుకే. ఒకటి మెడ వేలాడేసింది. నేను పట్టగానే గుటకలు వేసింది. ప్రాణం పోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను? అవి కొంచెం పెద్దయ్యేదాకే.

ఇంటికి రాగానే చేతులు కడుక్కుంటున్నాను. నోరు కూడా పుక్కిలిస్తున్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

అక్క వంటింట్లోకి తొంగిచూసి, "ఇంత రొట్టె ఎవరు తింటున్నార్రా? పళ్ళులేని ముసలమ్మ, ఈకలు పీకిన కోడిలాంటి నువ్వు. పెళ్ళి విందేమైనా పెడుతున్నావా?" అంది.

"బజార్లో బిచ్చగాళ్ళకి పంచుతున్నాను" అన్నాను.

"దేవుడు నీకు మంచి చేస్తాడు" అంది. నమ్మేసింది. ఎప్పుడూ నమ్మని మనిషి ఇప్పుడే ఎందుకు నమ్మాలి?

మే 4, ఆదివారం

అలసిపోయాను. ఎవరితో అనగలను ఈ మాట? అంటే అమ్మ బరువైందా అని అడుగుతారు. బరువు కాలేదు. ఒంట్లో ఓపిక లేదు, అంతే. పొద్దున లేపాలి, కూర్చోబెట్టాలి, మొహం కడగాలి, జుట్టు దువ్వాలి, ఆ జడలు అల్లడం నాకు రాదు, వంకరగా వస్తే అద్దంలో చూసుకుని విప్పేస్తుంది, మళ్ళీ అల్లాలి. టీ వేడిగా ఉంది అంటుంది, చల్లార్చి ఇస్తే చల్లారిందంటుంది. చెప్పిన కథే చెప్తుంది. నవ్వాల్సిన చోట నవ్వకపోతే మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెడుతుంది.

ఇదంతా చేయగలను. చేస్తాను కూడా. కానీ పక్షులు ఎగిరేటప్పుడు తలెత్తి చూసే ఆ కాసేపు నాకు కావాలి. ఆ పల్టీ కొట్టేదుందే, తెల్లది, ఆకాశంలో ఎక్కడో చుక్కంతై, ఉన్నట్టుండి రాయిలా పడిపోతూ, మన గుండె జారిపోయే సమయానికి మళ్ళీ రెక్కలు విప్పుతుంది. అది చూసినప్పుడు నేను ఎవరికీ ఏమీ కాను. కొడుకునీ కాను, పెళ్ళాం పోయినవాణ్ణీ కాను. ఇది తప్పా?

మిర్జోరహ్మత్ రెక్కల దారాలు విప్పేశాడు. ఒకటి రెండు మా కప్పు మీదికి వస్తే తోలేశాను. చేతులు జోడించి తోలాను.

రొట్టెకి వెళ్ళొచ్చాను.

మే 11, ఆదివారం

అక్క కూతురు ఫర్జోనాకి సంబంధం కుదిరింది. కాబోయే వియ్యాలవారు ఇవాళ మా ఇంటికొచ్చారు, జబ్బు నుంచి లేచిన పెద్దావిడ ఆశీర్వాదం తీసుకోవాలట. వాకిట్లో పరుపులు వేశాం. పలావు నేనే వండాను. అక్క ఇంటి నుంచి కోడిమాంసం సలాడ్ చేసి తెచ్చింది.

పొద్దున్నే పలావు వండి మూతపెట్టి రొట్టెకి వెళ్ళాను. పిల్లలకి మేత పట్టి, నీళ్ళు పట్టి వచ్చేసరికి ఆలస్యమైంది. వాళ్ళు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. చొక్కా మార్చుకునే టైమే ఉంది. చేతుల మాట మరిచానని అనను. భోజనానికి ముందు ఫర్జోనా పొడుగుమూతి చెంబుతో అందరి చేతుల మీదా మూడుసార్లు నీళ్ళు పోసింది, నా చేతుల మీదా పోసింది. మన తాతలందరూ అలాగే కడుక్కున్నారు. నలుగురి ముందు లేచి సబ్బు కోసం వెతికితే ఏమనుకుంటారు?

పళ్ళెం మధ్యలో పెట్టారు. వియ్యంకుడు గడ్డం నిమురుకుని, "ముందు అమ్మగారికి మీ చేత్తో పెట్టండి. కొడుకు చేతి ముద్ద పెద్దలకి మందు" అన్నాడు. అందరూ నావైపు చూశారు. మాంసం చిదిమి, క్యారెట్టు నలిపి, అన్నంతో కలిపి చిన్న ముద్ద చేశాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఒక్క క్షణం. నా వేళ్ళ వైపు చూసింది. తరవాత నోరు తెరిచింది.

"మాషా అల్లా" అన్నారందరూ. వియ్యపురాలు కళ్ళు ఒత్తుకుంది. "ఇలాంటి మేనమామ ఉన్న ఇంటి పిల్ల మా ఇంటికి రావడం మా అదృష్టం" అంది. అక్క మొహం వెలిగిపోయింది.

అమ్మ ఇంకా కావాలంది. పెట్టాను.

మే 14, బుధవారం

దుప్పట్లు.

మే 15, గురువారం

సబ్బుతో కడిగాను ఆ రోజు. కాదు, నీళ్ళతో కడిగాను. చాలా నీళ్ళు పోసింది పిల్ల.

మే 16, శుక్రవారం

ఆసుపత్రి. అమ్మ చేతికి సూది గుచ్చడానికి నరం దొరకలేదు. పాదానికి పెట్టారు. అమ్మ పాదం ఎంత చిన్నదో ఇవాళే చూశాను.

అదే క్రిమి. డాక్టర్ మునీరా నా ముందుకొచ్చి నిలబడి, "బాబాయిగారూ?" అంది. అంతే అంది.

నేను నోరు తెరవకముందే అక్క అడ్డుపడింది. "మా తమ్ముణ్ణి ఏమీ అనకండి డాక్టరమ్మా. వాడు పావురాల్ని ఇచ్చేశాడు, ఖాళీ గూడు నా కళ్ళతో చూశాను. తప్పంతా నాది. ఆ రోజు కోడిమాంసం తొందరలో దించేశాను, ఎముక దగ్గర ఎర్రగా ఉందని తెలుస్తూనే ఉంది. అమ్మకి ఒక చెంచా నేనే పెట్టాను. నా చేత్తో నేనే..."

డాక్టరు కోడిమాంసం వల్ల కూడా వస్తుందమ్మా అంది. అక్క గోడకి ఆనుకుని నేల మీద కూలబడి, చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వియ్యాలవాళ్ళకి తెలిస్తే తల్లికే పచ్చిమాంసం పెట్టిందంటారు, నా కూతుర్ని చేసుకుంటారా అని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. భుజం మీద చెయ్యి వేశాను.

ఏమీ చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా రాయకపోతే ఎవరికీ తెలియదు అనిపించింది. రాశాను కదా, ఇక చదివేవాణ్ణి నేనొక్కణ్ణే.

మే 18, ఆదివారం

అక్క బట్టలు తేవడానికి ఇంటికెళ్ళింది. అమ్మ కళ్ళు తెరిచింది. నీళ్ళు కావాలా అన్నాను. వద్దంది.

"ఆ నల్లతోక పిల్లలు బతికాయా?" అంది.

"ఏ పిల్లలమ్మా?" అన్నాను.

"నీ వేషాలు నా దగ్గరొద్దు. ఆ రోజు నీ గోళ్ళలో వరిగ పొట్టుంది. మెడ దగ్గర ఈక కూడా ఉంది. మీ నాన్నతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, పావురాల కంపు నాకు తెలియదా? ఆయన్ని వంటింటి గడప కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు."

"మరి... చూసి కూడా ఎందుకు తిన్నావమ్మా?"

కసురుకుంది. గొంతులో ఓపిక లేకపోయినా కసురుకుంది. "వద్దని మొహం తిప్పుకోమంటావా? ఆ వచ్చినవాళ్ళ ముందు కన్నకొడుకు ముద్ద తోసేస్తే నీ పరువు ఏం కాను? మీ అక్క ఊరుకునేదా? ఆ సాయంత్రమే నన్ను మూటగట్టుకుని తీసుకుపోయేది. తలుపేస్తే ఆకాశం కనపడని ఇల్లు. అక్కడ నేనేం చేస్తాను? నువ్వు ఒక్కడివీ ఆ ఇంట్లో ఏం చేస్తావు? పొద్దున్నే లేవను కూడా లేవవు."

దుప్పటి సర్దుకుని, "పోయినసారి బతికాను, ఈసారీ బతుకుతాలే అనుకున్నాను" అంది.

ఇంటికెళ్ళాక జాగ్రత్తగా ఉందామంది. నేను చేతులు బాగా కడుక్కోవాలట, తను అక్కకి చెప్పదట. చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే అంది, నాన్నకి చెప్పను, ఇంకెప్పుడూ చేయకు అని. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. ఇంత భయం రక్తం చూసినప్పుడు కూడా వేయలేదు.

నేను ఏది పెట్టినా తింటుంది. మట్టి పెట్టినా తింటుంది. అడ్డు చెప్పే మనిషే లేదు ఆ ఇంట్లో.

మే 19, సోమవారం

అక్కకి చెప్పేశాను. ఆసుపత్రి వెనక చెట్ల కింద, బల్ల మీద కూర్చుని. రొట్టె సంగతి, పిల్లల సంగతి, ఆ రోజు చేతుల సంగతి. నీ కోడిమాంసం కాదక్కా, నేనే అన్నాను. అమ్మని నువ్వే తీసుకెళ్ళు అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. చాలాసేపు తన చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది.

"మూడు రోజులు, నుస్రత్! మూడు రోజులు నేను అన్నం ముట్టలేదు. నా చేత్తో మా అమ్మని చంపుకున్నానని దేవుడికి చెప్పుకుని ఏడ్చాను. నువ్వు పక్కనే కూర్చున్నావు కదరా."

"అవునక్కా."

"భుజం మీద చెయ్యి కూడా వేశావు కదరా."

అక్క తరవాత ముక్కు చీదుకుని, అమ్మ టీలో ఎంత చక్కెర వేస్తుంది అని అడిగింది. చెప్పాను. జడ ఎటు నుంచి మొదలుపెట్టాలో కూడా చెప్పాను.

మే 23, శుక్రవారం

నలుగురు మోసి అమ్మని నాలుగో అంతస్తు ఎక్కించారు. కుర్చీలో కూర్చోబెట్టి. మెట్టు మెట్టుకీ నన్ను తిట్టింది. పిరికివాడా అంది, తల్లిని అమ్ముకున్నవాడా అంది. పైకెళ్ళాక తిట్టడం కూడా మానేసింది.

మే 25, ఆదివారం

పొద్దున్నే లేవలేదు. అమ్మ చెప్పినట్టే.

మే 29, గురువారం

మిర్జోరహ్మత్ ఇంటికి నాలుగు రోజులు వెళ్ళలేదు. ఇవాళ వెళ్ళాను. రొట్టె అని రాయను ఇక. పావురాల దగ్గరికి వెళ్ళాను. తెల్లది చాలా ఎత్తుకి పోయింది. చూస్తూ కూర్చున్నాను. వాడు టీ ఇచ్చి, "తీసుకుపోరా, ఇక నీకు అడ్డెవరు?" అన్నాడు. వాడు మంచికే అన్నాడు.

జూన్ 1, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే సబ్బు చేతిలో పెట్టింది, మోచేతుల దాకా కడుక్కున్నాను, చొక్కా విప్పించి బావ చొక్కా తొడిగించింది. మేము మామూలుగానే మాట్లాడుకుంటున్నాం. ఒక మాటకి ఒక మాట, అంతకు మించి కాదు. ఫర్జోనా పెళ్ళికి అడ్డం లేదట. వియ్యాలవాళ్ళకి జబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు.

అమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. కాస్త తేరుకుంది, బుగ్గలకి రంగొచ్చింది. జడలు చక్కగా ఉన్నాయి. నాతో మాట్లాడలేదు. జల్దారు పళ్ళు తెచ్చానని చెప్పాను. పలకలేదు. మిర్జోరహ్మత్ భార్య పలకరించమందని చెప్పాను. పలకలేదు. ఇక లేద్దామనుకుంటుండగా అక్క వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ వెంటనే నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, ఆ వేళ్ళలో అంత బలం ఉందనుకోలేదు.

"పంపించేశావా వాటిని? పూర్తిగా? ఇంకో ఊరికి?" అంది గుసగుసగా. "చెప్పు, చెప్పులేసుకుంటాను. మెట్లు నేనే దిగుతాను. కూర్చుని కూర్చుని దిగుతాను."

అవునంటే చాలు. నమ్ముతుంది. నమ్మకపోయినా నమ్మినట్టు మొహం పెట్టుకుని ఇంటికొస్తుంది, రేపు నా వేళ్ళు చూసి కూడా నోరు తెరుస్తుంది. నాకూ కావాలి అమ్మ. ఆ ఇంట్లో నన్ను ఏరా అనేవాళ్ళు లేరు ఇప్పుడు. అవును అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదమ్మా. పొద్దున కూడా వెళ్ళొచ్చాను" అన్నాను.

అమ్మ నా చెయ్యి వదిలేసి, గోడవైపు తిరిగి పడుకుంది. అక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. టీ తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను.